మండ్రగబ్బ కాన్పు

మడికొండ అవతల
నేను కంప్రెసర్ నడిపే క్వారీల
పగిలిన బండ సందున దొరికింది.
టిఫిన్ల మిగిలిన పచ్చిపులుసు పారబోసి
కడిగి తుడిచి దాన్నేసుకొచ్చిన.
ఆ దినం నుంచి సారంగం
నా డబ్బల చెయ్యి పెట్టలే.

కాజీపేటల నా అర్ర.
అడుగు పగిలిన చేపల తొట్టి ఒకటి
ఎంసీల్ పెట్టి అతికిచ్చిన.
జానెడు మొరం, పైన చెరువు ఒండ్రు,
బోర్లేసిన గూనపెంక దానికి ఇల్లు,
తడిపిన దూది ఉండ దానికి బాయి.
వారానికి రెండు బొద్దింకలు.
అంతకంటె అది ఏమడగలే.
ఇంటామె మాత్రం
కిరాయి గడప బయట నిలబడే తీసుకున్నది.

మగదాన్ని దేవునూరు గుట్టల్ల ఎతికి తెచ్చిన.
డెక్కలు డెక్కలు పట్టుకొని
రాత్రంత ముందుకు ఎనుకకు నడిచినయి,
కొత్తగ సైకిలు నేర్చుకునేటోళ్ల తీరు.
తెల్లారెసరికి మగదాన్ని తీసేసిన.
ఉంచితే తింటది.

తరువాత ఏం కాలే.
నెలలు.
మేడారం జాతరొచ్చి పోయింది.
కరెంటు పోయిన ఎండకాలపు రాత్రుల్ల
తొట్టికి తడి గోనె కప్పి
నేను ఉత్త గచ్చు మీద పన్న.
దాని పక్కల పొరలు సాగి సాగి
నల్ల పెంకుల నడుమ తెల్లగ కనబడ్డది.
నేనెందుకు చూస్తున్ననో ఎవరికి చెప్పలే.

మా దిక్కు ఒక మాటుంది.
మండ్రగబ్బ పిల్లలు
తల్లి వీపు పగలగొట్టుకొని పుడతయట,
తల్లిని తినే లేస్తయట.
నేను పుట్టిన్నాడే మా అమ్మ పోయింది.
వాన రాత్రి, ఎడ్లబండి మీద,
పరకాల దవఖాన గేటు కనబడంగ.
బడిల పిలగాండ్లకు నేను ఓదెలును కాదు,
తేలుపిల్లను.
సాదిన పెద్దమ్మ సుత కోపమొచ్చిన్నాడు
ఆ మాట అన్నది.
ఒక్కపారే.

ఆరుద్ర వానల, రాత్రి రెండింటికి
పెంక లేపి చూస్తే
వీపు మీద
కాళ్లు మొలిచిన నానబియ్యం.
లెక్కపెట్టిన. తప్పిన. మల్ల పెట్టిన.
ఇరవై ఆరు.
దొంగనోట్లు చూసే నీలి లైటేసిన.
తల్లి ఆకుపచ్చగ మండింది.
పిల్లలు ఎలగలే,
మొదటి కుబుసం ఇడిచేదాక వాటికి వెలుగు రాదు.
తల్లి వెలుగు మీద మసక మచ్చలు.

వీపు పగలలే.
దూది దాక మెల్లగ నడిచింది,
నిండు బిందె నెత్తికెత్తుకున్న మనిషి లెక్క
నడుము పైన ఏదీ కదలకుండ.
తాగింది.
నేను అట్లనే కూసున్న,
లైటుల బ్యాటరీ అయిపోయేదాక.

పదో దినం దిగినయి.
ఎంటనే ఏరు చెయ్యాలె.
నేను డబుల్ డ్యూటీ చేసొచ్చేసరికి
రెండింటిని తల్లే తిన్నది.
మొరం మీద ఒక తోక.
అది సుత నిజమే, దాచి ఏం లాభం.
మిగిలినయి కర్రీ పాయింట్ డబ్బలల్ల,
మూతలకు సూది బొక్కలు,
ఒక్కొక్కదానికి చిటికెడు తడి దూది,
తల నలిపిన బొద్దింక పిల్ల.

ఆదివారం ఒక డబ్బ సంచిలేసుకొని
పరకాల బస్సెక్కిన.
"ఏందన్నా అండ్ల?" అన్నడు కండక్టరు.
"నాటుకోడి."

పెద్దమ్మకు చూపు సగమే.
డబ్బను కండ్లకాడికి తీసుకున్నది.
తల్లి బతికే ఉన్నదని చెప్పిన.
చెవికాడ గట్టిగ, రెండుపార్లు చెప్పిన.
ఆ మాట పట్టించుకోలే.
"ఈ దూదెందుకురా?"
"నీళ్లు తాగేటందుకు."
కొద్దిసేపు ఊకున్నది.
"నీకు సుత గిట్లనే. మేకపాలు.
దూది వత్తి నోట్ల పెడితే
పండ్లు లేకున్న కొరికేటోనివి."

డబ్బ తిరిగిచ్చింది.
"మూత గట్టిగ పెట్టు" అన్నది.